ప్రతి పేజీ మూలనా రొయ్య

రాజమండ్రిలో ఓ ప్రెస్సులో నేను డీటీపీ చేసే రోజుల్లో మా ఓనరుగారికీ నాకూ ఒకటే గొడవ. ఫొటోలన్నీ పేజీలోనే పెట్టెయ్యమని ఆయన పట్టుబట్టేవారు. నేను ఫొటోను ఫోల్డరులోనే ఉంచి, పేజీకి లింకు మాత్రం ఇచ్చేదాన్ని; పేజీ అక్కణ్ణుంచే దాన్ని తెచ్చి చూపిస్తుంది. "బయటున్న ఫొటోని నమ్ముకుంటే ఎప్పుడో కొంప మునుగుతుందమ్మా" అని రోజూ సణిగేవారు.

ఒకసారి భీమవరం నుంచి రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన వచ్చారు. తోటి రైతులకు పంచడానికి ఆయన వేయిస్తున్న పుస్తకంలో ప్రతి పేజీ మూలనా ఓ రొయ్య బొమ్మ. ప్రూఫు చూస్తూనే మొహం మాడ్చుకున్నారు.

"ఏంటండీ ఇది? మంచినీళ్లలో పెరిగే నీలకంఠం రొయ్యని పెట్టారు! మావన్నీ ఉప్పునీటి టైగర్ రొయ్యల చెరువులండి. జనం నవ్వరా?"

ఓనరుగారు తల పట్టుకుని, "అన్ని పేజీలూ మళ్లీ చెయ్యాలండి, రేపు రండి" అన్నారు.

"రేపెందుకండీ? టీ తాగుతూ కూర్చోండి" అన్నాను నేను. ఆసామి సంచిలోని ఫొటోల్లోంచి టైగర్ రొయ్యను ఏరి స్కాన్ చేసి, పాత ఫొటో పేరుతోనే అదే ఫోల్డరులో పెట్టాను. కంప్యూటర్లో పుస్తకం ఫైలు మళ్లీ తెరిచి లింకులు అప్‌డేట్ చేశాను. పేజీ తిప్పిన కొద్దీ మూలమూలనా టైగర్ చారలే!

ఆసామి చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. ఓనరుగారు నా కుర్చీ వెనక్కి వచ్చి, "ఆ లింకేదో నాకూ ఓసారి చూపించమ్మా" అన్నారు.

"ఇక సణగనంటే చూపిస్తానండి" అన్నాను.