పది తీసెయ్యాలి

"—డెబ్బై మూడా? నా కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చాననుకున్నారా మిస్టర్ పినక్? ఆ పిల్ల ఇసుకలో ఎక్కడ దిగిందో నేను చూశాను!"

"మీరు చూశారు మేడమ్. టేపు కొలిచింది. నేను టేపు మాట రాశాను."

"గుంట పక్కన ఐదు ఎనభై దగ్గర నా చెప్పు పెట్టాను. చెప్పు దాటి దిగింది. తెలుసా?"

"ఆ చెప్పు ఐదు ఎనభై దగ్గరే ఉందని ఎలా తెలుసు మేడమ్?"

"అడుగులు వేసి కొలిచాను!"

"మరింకేం! వచ్చే ఏడు టేపు మానేసి మీ అడుగులతోనే కొలుద్దాం."

ఆకీ చెట్టు కింద వేసిన బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. కోచ్ ఇమోజీన్ టులక్ నవ్వలేదు. ఆవిడ ఒక కాలికే చెప్పు వేసుకుని ఉంది. రెండోది ఇంకా ఇసుక గుంట పక్కనే పడుంది. లెక్కల మాస్టారు లెన్ఫర్డ్ పినక్ ఫలితాల పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. గిలియడ్ హిల్ బడి మైదానంలో జిల్లా పోటీలకు అతను రాతగాడిగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

గొడవంతా తమోయా బరెల్ అనే పదహారేళ్ళ పిల్ల గురించి. లాంగ్‌జంప్‌లో మొదట వచ్చింది. మొదట వస్తే చాలదు. కింగ్‌స్టన్‌లో జరిగే పెద్ద పోటీలకు వెళ్ళాలంటే ఐదు మీటర్ల ఎనభై దూకాలి. సాయంత్రం ఐదింటికి జాబితా వెళ్ళిపోతుంది. తర్వాత ఇంకో పోటీ లేదు. పుస్తకంలో ఐదు డెబ్బై మూడని ఉంది.

"కొలత పెద్దాయనే అరిచి చెప్పారు మేడమ్. పుస్తకం అట్ట మీది చీటీలో ఉన్నట్టే పది తీసేసి రాశాను," అన్నాడు పినక్. "ఇక్కడున్న ప్రతివాళ్ళూ విన్నారు."

ఆ పెద్దాయన ఎగ్బర్ట్ ఫేసీ. బల్లకు నాలుగడుగుల దూరంలో, తన కర్రపెట్టె మీద కూర్చుని, నూనెగుడ్డతో టేపు తుడుచుకుంటున్నాడు. మా నేల ఎర్రమట్టి నేల. రోజంతా లాగిన టేపును అలాగే చుట్టేస్తే మట్టి అంకెల్ని తినేస్తుంది. అందుకని పోటీలయ్యాక యాభై మీటర్లూ తుడిచిగాని ఆయన లేవడు. ఇరవై రెండో మీటరు దగ్గర ఉండగా పినక్ మాట చెవినబడింది. గుడ్డ ఆగిపోయింది.

ఫేసీ పందొమ్మిదేళ్ళు బాక్సైట్ గనుల్లో సర్వేయరు వెనక టేపు మోశాడు. చదువు అయిదో తరగతి. కానీ మిల్లీమీటరు గీత మీద ఎండ పడి మెరుస్తున్నప్పుడు తల ఎటు వంచి చూడాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. గుల్‌బర్న్ అనే ఆ సర్వేయరు మొదటి రోజే చెప్పాడట: "కంటికి కనపడింది అరిచి చెప్పు. నీ బుర్రకు తోచింది నాకొద్దు. లెక్క నేను చూసుకుంటాను." గని మూతపడ్డప్పుడు గుల్‌బర్న్ ఆయనకు ఉక్కు టేపు ఇచ్చి వెళ్ళాడు. కింగ్‌స్టన్‌లో అసలు కొలతతో సరిచూసిన టేపు. యాభై మీటర్లకు రెండు మిల్లీమీటర్లు కూడా తేడా రాదని దానికో కాగితం కూడా ఉంది.

ఎనభై ఎనిమిది తుఫానులో ఎక్కడినుంచో ఎగిరొచ్చిన జింకు రేకు ఆ టేపు కొసను ఏడు సెంటీమీటర్ల మేర తెగ్గొట్టింది. వేరే టేపు కొనుక్కోమన్నారు అందరూ. ఫేసీ పది సెంటీమీటర్ల గీత దగ్గర ఇత్తడి ముక్క బిగించి, దానికో రంధ్రం చేశాడు. ఆ రంధ్రంలోంచి మేకు నేలలోకి దిగ్గొట్టి, ఇవతలి చివర చదువుతాడు. సున్నాకు బదులు పదితో మొదలు. కాబట్టి చదివినదాంట్లో పది తీసేస్తే అసలు కొలత. తరుగు ఎంతో కచ్చితంగా తెలిస్తే అది తప్పుడు టేపు కాదని ఆయన వాదన. కొత్త టేపు ఎంత సాగుతుందో ఎవరికి తెలుసు?

ముప్పై ఒక్క ఏళ్ళుగా మైదానంలో ఇదే పద్ధతి. ఫేసీ కనపడిన అంకె అరుస్తాడు. బల్ల దగ్గర మిస్ హయసింత్ పది తీసేసి రాస్తుంది. ఫేసీ అరవగానే మెట్ల మీద కూర్చున్న జనమంతా మనసులో పది తీసేస్తారు. మా పిల్లలు తీసివేతలు నేర్చుకున్నది అక్కడే. చూపు తగ్గి మిస్ హయసింత్ ఈ ఏడు రాలేదు. పుస్తకం అట్ట మీద చీటీ అంటించి పంపింది: 'ప్రతి కొలతలోనూ పది తీసెయ్యాలి. మర్చిపోతే వచ్చి చెవి మెలేస్తాను.'

ఇన్నేళ్ళలో ఫేసీ కొలతను ఒక్కరు కూడా కాదనలేదు. కాఫీ కొట్టు దగ్గర ఆయన ఇంకే గొప్పా చెప్పుకోడు, ఇదొక్కటే చెప్పుకుంటాడు.

ఫేసీ టేపును పెట్టె మీద పెట్టి బల్ల దగ్గరికి నడిచాడు.

"మాస్టారూ, పొద్దున నన్నేమడిగారు?"

"ఏమడిగాను సార్?"

"'మీరు సరైన అంకె చెప్పండి చాలు, నేను రాసుకుంటాను' అన్నారు."

"అన్నాను."

"కొత్తవారు, తికమకపడతారేమోనని నేనే తీసేసి చెప్పాను. షాట్‌పుట్ నుంచీ."

పినక్ పుస్తకం మూశాడు. అట్ట మీది చీటీ చూశాడు. ఫేసీని చూశాడు.

"నేనూ తీసేశాను సార్."

"అదే ఇప్పుడు విన్నాను."

వేపుడు చేపల మూకుడు ముందు కూర్చున్న మిస్ వెరోనా గరిటె పైకెత్తింది. "అయ్యో దేవుడా, నేనూ తీసేశాను! ఐదు ఎనభై మూడని ఈయన అరవగానే డెబ్బై మూడే అనుకున్నా. అందరం కలిసి ఆ పిల్ల కాళ్ళు తెగ్గొట్టాం కదయ్యా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. కోచ్ టులక్ రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. "రాయండి. ఎనభై మూడు. ఇప్పుడే రాయండి."

"ఎలా రాస్తాను మేడమ్?" పినక్ గొంతులో పొద్దుటి ధీమా లేదు, కానీ వదల్లేదు. "ఆయన చెప్పిందీ, నేను రాసిందీ, జనం విన్నదీ అన్నీ కలిశాయి. డెబ్బై మూడని మైదానమంతా ఒక్క మాట మీద ఉంది."

"ఒక్క మాట మీదే ఉన్నాం," అన్నాడు ఫేసీ. "పొరపాటు కూడా ఒక్కటే చేశాం మాస్టారూ. తప్పు నాది. కనపడింది చెప్పాల్సినవాణ్ణి, తోచింది చెప్పాను."

జిల్లా సంఘం తరఫున వచ్చిన రిఫరీ మిసెస్ రెనల్స్ గడ్డిటోపీ సర్దుకుంటూ వచ్చింది. అంతా విన్నది. గడియారం చూసుకుంది. నాలుగూ పది.

"మిస్టర్ ఫేసీ, మీరంటే నాకు గౌరవం. కానీ మీకు జ్ఞాపకమొచ్చిందని కొలత మార్చలేను. రేపు ఇంకొకరికి ఇంకోటి జ్ఞాపకమొస్తుంది. నాకు కొలత చూపించండి."

ఇసుక గుంటలో చూపించడానికి ఏమీ లేదు. అదే గుంటలో ట్రిపుల్‌జంప్ కూడా అయిపోయింది. నాలుగుసార్లు చదును చేశారు. కోచ్ టులక్ చెప్పు మాత్రం ఉంది.

బస్సు నీడలో తమోయా బూట్లు విప్పుకుని కూర్చుంది. పక్కనే ఎవరో ఇచ్చిన బన్నూ చీజూ పొట్లం విప్పకుండా ఉంది. ఏం జరుగుతోందో ఆ పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఆశపెట్టడానికి కోచ్‌కు మనసొప్పలేదు.

ఫేసీ మైదానం చివరికి చూస్తూ నిలబడ్డాడు. పచ్చగడ్డి మీద మూడు చోట్ల ఎర్రగుడ్డలు ఎగురుతున్నాయి. మా దగ్గర విసిరే పోటీల్లో గెలిచినవాళ్ళ మేకును బహుమతులయ్యేదాకా పీకరు. దానికి ఎర్రగుడ్డ కడతారు. పిల్లల అమ్మలూ నాన్నలూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

"షాట్‌పుట్ మేకు ఉంది," అన్నాడు ఫేసీ. "డిస్కస్‌దీ, జావెలిన్‌దీ ఉన్నాయి. అన్నీ ఇదే టేపు, ఇదే నోరు, ఇదే పుస్తకం. మళ్ళీ కొలవండి. నా టేపుతో కాదు, వేరే దానితో."

పోటీకి వచ్చిన బడుల్లో ఒకదాని దగ్గర నీలం రంగు కొత్త టేపు దొరికింది. గాజుపీచుతో చేసింది. మిసెస్ రెనల్స్ దాన్ని అందుకుని షాట్‌పుట్ వలయం వైపు అడుగేసింది.

"ఒక్క నిమిషం అమ్మా. ముందు దాన్ని నా టేపు పక్కన పరవండి."

"ఎందుకు?"

"నాది తప్పని తేల్చడానికి వచ్చింది. అదెంత నిజమో చూడొద్దూ?"

పరుగు గీత వెంబడి రెండు టేపులూ పక్కపక్కన పరిచారు. ఆ చివర ఫేసీ, ఈ చివర పినక్. ఫేసీ పది గీత, కొత్త టేపు సున్నా ఒక్కచోట పెట్టాడు.

"అంత బలంగా లాగకండి మాస్టారూ! అది రబ్బరు కాదు గానీ రబ్బరుకు దగ్గర చుట్టమే."

పినక్ చెయ్యి వదులు చేశాడు. ముప్పై మీటర్ల దగ్గర వంగి చూశాడు. రెండింటికీ మధ్య తేడా పది పోను అర సెంటీమీటరు.

"సరిపోతుంది," అన్నాడు ఫేసీ. "మనం వెతికేది పది. అర కాదు."

షాట్‌పుట్ పుస్తకంలో పది ముప్పై ఒకటి. మిసెస్ రెనల్స్ తానే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, పైకే చదివింది.

"పది నలభై ఒకటి."

"ముప్పై ఒకటి!" అని మెట్లమీంచి జనం అలవాటుకొద్దీ అరిచారు.

"ఈ టేపుకు తీసెయ్యక్కర్లేదు!" మిసెస్ రెనల్స్ టోపీ ఊడిపడింది. "దయచేసి ఎవరూ ఏమీ తీసెయ్యకండి!"

అప్పుడు నవ్వులు వచ్చాయి. మెట్లు దిగి జనం మైదానంలోకి నడిచారు. ఎర్రగుడ్డ నుంచి ఎర్రగుడ్డకు రిఫరీ వెనకాల ఊరేగింపు సాగింది. మిస్ వెరోనా మూకుడు మీది మూత చేతబట్టుకునే వచ్చింది.

డిస్కస్. పుస్తకం కన్నా పది ఎక్కువ.

"ఇవి రెండూ లాంగ్‌జంప్‌కు ముందువి," అన్నాడు పినక్. అతని ముఖం చెమటతో మెరుస్తోంది. "నేను మొండికేస్తున్నానని అనుకోకండి. మధ్యలో సార్ పాత అలవాటుకు మారిపోయి ఉండొచ్చు కదా? అప్పుడు డెబ్బై మూడే సరి."

కోచ్ టులక్ అతని మీదికి తిరిగింది. ఫేసీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడగాల్సిందే అడిగాడు. జావెలిన్ చివరిది. పదండి."

పుస్తకంలో ముప్పై ఒకటి పన్నెండు. కొత్త టేపును పినక్ పట్టుకున్నాడు, ఈసారి చెప్పించుకోకుండా వదులుగానే. మిసెస్ రెనల్స్ వంగింది. చుట్టూ వందమంది ముందుకు వంగారు. కొండ దిగుతున్న లారీ హారను వినబడింది.

"ముప్పై ఒకటి..." ఆవిడ వేలితో గీత తడిమి చూసింది. "ముప్పై ఒకటి ఇరవై రెండు. దానికి ఒక వెంట్రుకవాసి తక్కువ."

"ఆ వెంట్రుక టేపు సాగడం," అన్నాడు ఫేసీ.

పినక్ పుస్తకం తెరిచి ఆవిడ ముందు పట్టుకున్నాడు. షాట్‌పుట్, డిస్కస్, లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్, జావెలిన్. ఆవిడ ఒక్కో వరుసా వేలితో దిగుతూ వచ్చింది. మొదటిదాంట్లో పది. రెండోదాంట్లో పది. చివరిదాంట్లో పది. లాంగ్‌జంప్ దగ్గర వేలు ఆగింది.

"కలం ఇవ్వండి," అంది.

నాలుగూ నలభైకి మైకులో మిసెస్ రెనల్స్ గొంతు కొండమీది ఇళ్ళదాకా వినబడింది. "ఈ రోజు టేపుతో కొలిచిన ప్రతి పోటీలోనూ, ప్రతి ఒక్కరి కొలతకూ పది సెంటీమీటర్లు కలుపుతున్నాం. ఎవరి స్థానమూ మారదు. బాలికల లాంగ్‌జంప్. మొదటి స్థానం, తమోయా బరెల్. ఐదు మీటర్ల ఎనభై మూడు. కింగ్‌స్టన్ జాబితాలో పేరు చేర్చాం."

మిస్ వెరోనా మూత మీద గరిటెతో వాయించడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి మూతలో, బకెట్లో, బస్సు తలుపులో అన్నీ మోగాయి. తమోయా ఉత్తకాళ్ళతో బస్సు నీడలోంచి లేచింది. ఏం చెయ్యాలో తెలియక ఇసుక గుంట దాకా పరిగెత్తి, దూకే పలక మీదనుంచి మళ్ళీ దూకింది. కోచ్ టులక్ తన చెప్పు తీసి ఆకాశంలోకి విసిరింది. షాట్‌పుట్‌లో గెలిచిన పిల్లకు బడి రికార్డు కూడా వచ్చిందని ఎవరో అరిచారు. ఆ పిల్ల తల్లి ఫేసీ మెడ చుట్టూ చేతులు వేసి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది.

"ఫేసీ తాతా! ఫేసీ తాతా!" అని మెట్లమీది పిల్లలు లయగా అరిచారు. "ఇంకో పది కలుపు తాతా!"

"కుదరదు," అన్నాడు ఆయన. ముఖం మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడనంతగా విచ్చుకుంది.

జనం పలచబడ్డాక ఫేసీ మళ్ళీ పెట్టె మీద కూర్చున్నాడు. ఇరవై రెండో మీటరు దగ్గర్నుంచి తుడవడం మొదలుపెట్టాడు. పినక్ వచ్చి రెండో గుడ్డ తీసుకుని అవతలి కొసన మోకాలు వంచాడు. ఇత్తడి ముక్క మీది మట్టిని గోటితో గీకాడు. ఇద్దరూ తుడుచుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు.

"మాస్టారూ," అన్నాడు ఫేసీ, టేపు చుట్ట అతని చేతిలో పెడుతూ. "వచ్చే ఏడు దీన్ని మీరు చదవండి. పుస్తకం నేను రాస్తాను."