నొలారి అనే ఆడసింహం

పంతొమ్మిదో ఏట మెయిటమెయి ఒంటరిగా, ఒక్క బల్లెంతో సింహాన్ని చంపాడు. ఆ ఏడంతా మాసాయి తెగ ఆడపిల్లలు అతని మీద పాటలు కట్టి పాడారు. నలభై దాటాక అదే మనిషి అంబోసెలి పల్లెల్లో తిరుగుతూ, సింహాలను చంపొద్దని చెప్పే ఉద్యోగంలో చేరాడు. నూరు ఎలుకల్ని తిన్న పిల్లి తీర్థయాత్రకు బయల్దేరినట్టుందని జనం నవ్వారు. నవ్వరా మరి!

మొదట్లో ఆఫీసువాళ్ళు ఇచ్చిన బొమ్మల అట్టలు పట్టుకుని, సింహం దేశసంపద అని చెప్పాడు.

"అయితే ఆ దేశాన్నే వచ్చి తన దొడ్లో కట్టేసుకోమను," అన్నాడు తుమాంక. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు, ఒకే ఏడు యోధులైనవాళ్ళు.

ఆ అట్టలు తీసి చూరులో దోపేశాడు మెయిటమెయి. ఒక్కో ఆవునూ పేరు పెట్టి పిలుచుకునే జనానికి, పేరులేని జంతువు మీద జాలి ఎందుకుంటుంది? వాగు పక్కన తిరిగే ఆడసింహానికి తన తల్లి పేరే పెట్టాడు, నొలారి అని.

"దానికైనా పళ్ళున్నాయిరా?" అంది ముసలామె బోసినోటితో నవ్వుతూ.

నొలారి కనిపించిందని ఎవరన్నా అంటే, "రెండు కాళ్ళదా, నాలుగు కాళ్ళదా?" అని అడగడం ఊళ్ళో అలవాటయింది. బల్లెం ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

కరువు ఏడాది ముసలామె పోయింది. పోయినవాళ్ళ పేరు మాసాయిలు నోటితో ఎత్తరు. దాంతో ఆడసింహం పేరూ పోయింది, మళ్ళీ అది ఉత్త సింహమైంది. ఈ సంగతి మెయిటమెయికి ముందు తట్టనే లేదు. బతికున్న మనిషి పేరు పెట్టేటప్పుడు చావు గురించి ఎవరాలోచిస్తారు?

రెండు నెలలకు ఆ సింహం తుమాంక చూడి ఆవును చంపింది. తెల్లవారగానే పదిమంది బల్లేలు పట్టుకుని బయల్దేరారు. మెయిటమెయి పరుగెత్తి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోరా," అన్నాడు తుమాంక. "నీ పాఠాలు నా ఆవు కడుపులోనే పోయిన దూడకి చెప్పుకో, పో."

"ఎవర్ని చంపబోతున్నారో తెలుసా?"

"సింహాన్ని."

"పేరు చెప్పు."

తుమాంక అతన్ని తప్పించుకుని ముందుకు అడుగేశాడు.

"నొలారి," అన్నాడు మెయిటమెయి పైకే. మళ్ళీ అన్నాడు.

కొందరు చెవులు మూసుకున్నారు.

"కన్నతల్లి పేరురా అది! సిగ్గులేదూ?" అని అరిచాడు తుమాంక. కానీ ఆ పేరు విన్నాక ముందుకు నడవడానికి ఎవరికీ మనసొప్పలేదు. తిట్టుకుంటూ వెనక్కి తిరిగారు. పెద్దలు మెయిటమెయి చేత గొర్రెను కోయించి తప్పు కడిగించారు. అతని చెల్లెలు మాత్రం కరువు తీరేదాకా అతనితో మాట్లాడలేదు.

ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. వానలు పడ్డాక ఒక సాయంత్రం తుమాంక వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మీ అమ్మ వాగు దగ్గర కనిపించిందిరా," అన్నాడు. "బాగా చిక్కిపోయింది. వెంట రెండు కూనలున్నాయి."

తల్లి పోయిన రోజున ఏడవని మెయిటమెయికి అప్పుడు ఏడుపొచ్చింది.