దుప్పటి కింద డ్రమ్స్

మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన ముగిశాక, ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు మాకు ఇస్తారు. వేదిక మీద ఒక మూల వాళ్ళ డ్రమ్స్ సెట్టు, దాని చుట్టూ అద్దం లాంటి ప్లాస్టిక్ తెర ఎప్పుడూ ఉంటాయి. మేం లోపలికి వెళ్ళగానే మా సంఘపెద్ద కారు డిక్కీలోంచి తెచ్చిన పూల దుప్పటి ఒకటి తీసి ఆ డ్రమ్స్ మీద కప్పేవారు. ఆ తర్వాతే ప్రార్థన మొదలయ్యేది.

ఆయన తణుకు వైపు మనిషి. ఇక్కడ కార్ల కంపెనీలో బ్రేకుల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. సంఘంలో కూడా అదే విభాగం చూస్తున్నారని కుర్రవాళ్ళు చాటుగా అనుకునేవారు. డోలక్ అంటే ఆయనకు అభ్యంతరం లేదు. డోలక్ మనది, డ్రమ్స్ రాక్ మ్యూజిక్‌వి, రాక్ మ్యూజిక్ ఎవరిదో బైబిల్ చదివిన ప్రతివాడికీ తెలుసు అనేవారు. అయితే మా డోలక్ వాయించే అతనికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ డోలక్‌ను కూడా పట్టుకుపోయాడు. ఇక మా కీర్తనలకు పట్టపగ్గాలు లేవు. కీబోర్డు మీద నేను ఒకచోట, ఆడవాళ్ళు ఇంకొకచోట, పెద్దాయన మరెక్కడో చరణం ముగించేవాళ్ళం.

నా బాధ ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే నేను రాక్ పాటలు విని పెరిగినదాన్ని. కాకినాడలో మా అన్నయ్య స్నేహితుడొకడు ఓడలో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడు. ఏది దొరికితే అది తేవడంతో ఆ సంగీత చరిత్ర నాకు తలకిందులుగా వంటపట్టింది. ఒక బ్యాండు విడిపోయాక ఎవరికి వారు పాడుకున్న పాటలు ముందు విన్నాను, కలిసి పాడిన పాటలు తర్వాతెప్పుడో విన్నాను. ఎలక్ట్రిక్ గిటార్ల హోరు ముందు వచ్చింది. దానికి మూలమైన నల్లజాతి గాయకుల పాటలు అన్నిటికంటే చివర వచ్చాయి. ఆ పాటల్లో ఎన్నో ఇప్పుడు మా ఇంటికి కాస్త దూరంలోనే పుట్టాయని డెట్రాయిట్ పక్కన ఇల్లు కొనుక్కున్నాక గాని తెలియలేదు.

డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇల్లుంది. అరవైల్లో దాన్నే స్టూడియోగా మార్చి, చుట్టుపక్కల వీధుల పిల్లలచేత పాడించి, ప్రపంచమంతా పాకిన పాటలు రికార్డు చేశారు. ఇప్పుడది మ్యూజియం. అక్కడ పాడినవాళ్ళలో చాలామంది చర్చి కోయర్లలో పాట నేర్చుకున్నవాళ్ళే. ఆ ఒక్క ముక్క గైడు నోట పెద్దాయన చెవిన పడితే చాలు, దుప్పటి దానంతటదే తొలగిపోతుందని ఆశపడ్డాను. సంఘం పిక్నిక్ వానకు రద్దయిన ఒక శనివారం ఆయన్నీ, ఆయన భార్య ఆంటీనీ కారెక్కించాను. ఆంటీ హాస్పిటల్లో నర్సు. మాటలు తక్కువ.

దారిలో రంగం సిద్ధం చేద్దామని ఒక కథ ఎత్తుకున్నాను.

"అప్పట్లో ఒక ఫోక్ సింగర్ ఉండేవాడు అంకుల్. మామూలు గిటార్‌తో పాడినన్నాళ్ళూ జనం నెత్తిన పెట్టుకున్నారు. ఒక ఫెస్టివల్‌కి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకొచ్చేసరికి గోల గోల చేశారు. ఇప్పుడేమో అదే పెద్ద టర్నింగ్ పాయింట్ అని పుస్తకాలు రాస్తున్నారు."

"మరి గోల చేసినవాళ్ళు ఏమయ్యారు?"

"ఏమవుతారు అంకుల్, ఇంటికెళ్ళిపోయుంటారు."

"వాళ్ళ గురించి కూడా రాయాలమ్మా. కరెక్ట్‌గా మాట్లాడింది వాళ్ళొక్కరే."

వెనక సీట్లో ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకున్నారు.

మ్యూజియంలో గైడు చలాకీ అమ్మాయి. నేను కోరుకున్న మాట రానే వచ్చింది. ఈ గాయకుల్లో ఎంతమంది పాస్టర్ల పిల్లలో చెప్పింది. ఆదివారం పాడిన బాణీలోంచి దేవుణ్ణి తీసేసి ప్రియురాలిని పెడితే సోమవారానికి పాప్ పాట తయారయ్యేదని నవ్వుతూ వివరించింది. నేను ఆశగా అంకుల్ వైపు చూశాను.

"విన్నావా?" అన్నారాయన గుసగుసగా. "దేవుడి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చారు."

అక్కడితో నా ప్రయత్నం ముగిసిందనుకున్నాను. ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక పాట వినిపించి, మొదట్లో వచ్చే ఆ దరువు డ్రమ్స్‌ది కాదని చెప్పింది. నేలమీద చెక్కలు పరిచి, బూట్లతో తొక్కి ఆ శబ్దం పుట్టించారట. మమ్మల్ని కూడా తొక్కి చూడమంది. అందరికంటే ముందు అంకుల్ కాలు లేచింది.

"నో డ్రమ్స్?" అని అడిగారు.

"జస్ట్ ఫీట్, సర్," అంది గైడు, ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికినందుకు మురిసిపోతూ. కాసేపటికే అదే పాటలో డ్రమ్స్ వస్తాయని కూడా చెప్పింది. కానీ అప్పటికే అంకుల్ పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

మరుసటి ఆదివారం ఆయన మైకు అందుకున్నారు. "ప్రైజ్ ది లార్డ్. డ్రమ్స్ లేకుండా పాట నడుస్తుందని ఈ డెట్రాయిట్‌లోనే ప్రూవ్ అయింది. నేను కళ్ళారా చూశాను," అని సాక్ష్యమిచ్చారు. అప్పటికే హార్డ్‌వేర్ షాపు నుంచి ప్లైవుడ్ చెక్కలు తెప్పించి నేలమీద పరిపించారు. మొదటి కీర్తనకే సంఘమంతా కాళ్ళతో తాళం వేసింది. పట్టుచీరల కింది చెప్పులు, పాలిష్ చేసిన బూట్లు, పిల్లల స్నీకర్లు అన్నీ ఒక్కసారే నేలకు తగులుతుంటే, నిజం చెప్పొద్దూ, నా ఒళ్ళు పులకరించింది. ఓడిపోయినా ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

మా హాలు కింద బేస్‌మెంట్‌లో ఆ వేళకు వేరే మీటింగ్ జరుగుతుందని మేమెవరమూ ఆలోచించలేదు. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు గుండ్రంగా కూర్చుని, మెల్లగా మాట్లాడుకుంటూ, మధ్యమధ్య మౌనంగా ఉంటూ ఒకరినొకరు ఓదార్చుకుంటారట. సీలింగ్‌లోంచి రాలిన పొడి వాళ్ళ కాఫీల్లో పడింది. రెండో కీర్తన సగంలో ఉండగా అమెరికన్ పాస్టర్ పైకి వచ్చారు. ఎంతో మర్యాదస్థుడు. మీ ఆరాధన అంటే మాకు చాలా ఇష్టం అని మొదలుపెట్టి, డ్రమ్స్ వైపు చెయ్యి చూపించి, వాటికి తెర ఉందనీ, కిందికి శబ్దం రాదనీ, దయచేసి వాటిని వాడుకోమనీ ఇంగ్లీషులో బతిమాలారు.

అందరికీ అర్థమైంది. దశాబ్దాలుగా ఇక్కడే ఉంటున్న అంకుల్‌కి కూడా అర్థమైంది. అయినా నా వైపు తిరిగి, "ఏమంటున్నారమ్మా ఈయన?" అన్నారు.

"డ్రమ్స్ వాయించమంటున్నారంకుల్. గోల తగ్గుతుందట."

ఎవరు వాయిస్తారన్నది తర్వాతి ప్రశ్న. వాయించగల కుర్రవాళ్ళు ఎప్పుడో బ్యాండు ఉన్న చర్చిలు చూసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఆంటీ లేచారు.

"నేను వాయిస్తాను."

"నువ్వా?" అన్నారు అంకుల్.

"పెళ్ళికి ముందు మా చర్చిలో డోలక్ నేనే వాయించేదాన్ని."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పాను. కోడలు డోలక్ వాయిస్తే బాగుండదని మీ అమ్మగారన్నారు. మీరక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు."

అంకుల్ భార్య వైపు చూశారు. తర్వాత వేదిక ఎక్కి దుప్పటి తీసి, అంచులు కలిపి, పెళ్ళివారి బట్టల్లా జాగ్రత్తగా మడతపెట్టారు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు మొదటిసారి జాలేసింది.

ఆంటీ చెప్పులు విప్పి, కొంగు బిగించి కూర్చున్నారు. పుల్లలతో నాలుగు దెబ్బలు వేసి చూసి, నచ్చక పక్కన పెట్టేశారు. రెండు అరచేతులతో డ్రమ్ము మీద డోలక్ దరువు మొదలుపెట్టారు. నేనేదో రాక్ బ్యాండు ఊహించుకున్నాను. వచ్చింది మాత్రం గోదావరి వైపు ఆదివారం. వేళ్ళు మొదట తడబడ్డాయి, చరణం తిరిగేసరికి దారిలో పడ్డాయి. అంకుల్ అలవాటు ప్రకారం ఒక మాట సాగదీశారు. ఆంటీ ఆగలేదు. ఆయనే వడివడిగా పాడి అందుకున్నారు.

భోజనాల దగ్గర ఆయన నా పక్కకు వచ్చి, "డోలక్‌లాగే వాయించింది కదమ్మా? డ్రమ్స్‌లాగా కాదు," అన్నారు.

"అవునంకుల్," అన్నాను.

పార్కింగ్‌లో ఆంటీ నన్ను పక్కకు పిలిచారు. "డ్రమ్స్ కింద ఆ కాలితో తొక్కేది ఉందే, అదెలా వాడాలో వీడియో ఏదైనా ఉంటే పంపిస్తావా? అంకుల్‌కి ఇప్పుడే చెప్పకు."

వెతికి ఒకటి పంపాను. పంపేశాక చూసుకుంటే అందులో వాయించేవాడికి నడుం దాకా జుట్టుంది, ఒంటిమీద చొక్కా లేదు. మర్నాడు హాస్పిటల్లో బ్రేక్ టైములో చూసినట్టున్నారు, మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: "టెక్నిక్ బాగుంది. ఇంకోటి పంపు."