కాపాడు మీట

లంజిపల్లిలో ఉండే నీరజ పాత వీడియో గేములకీ, ఎవరో ఒకరు ఒంటరిగా కూర్చుని చేసిన కొత్తవాటికీ సమీక్షలు రాస్తుంది. కుర్చీలో కాళ్లు మడిచి కూర్చుంటుంది. చివరిదాకా ఆడందే మార్కులెయ్యదు. మనవాళ్లది కదా, ఒకటి కలుపు అంటే ఆమెకి ఒళ్లు మండుతుంది. ఈ సాయంత్రం ఆడుతున్నది హల్దియాపదర్‌లో ఉండే బావ గౌతమ్ రెండేళ్లు కష్టపడి చేసిన గేము. రేపే అమ్మకానికొస్తుంది, మొదటి సమీక్ష ఈమెదే. తెరమీద మార్కండి సముద్రపు ఒడ్డున పడవ తిరగబడింది, జాలరి మునుగుతున్నాడు. తెర మూల 'కాపాడు' అనే మీట వెలిగింది. నీరజ వేలు తెల్లబడేలా నొక్కింది. 'కాపాడబడింది' అంది తెర; జాలరి మునిగిపోయాడు. మూడుసార్లు మళ్లీ తెరిచినా ఆ మునకతోనే మొదలైంది. అలాగే చివరిదాకా ఆడింది. ఒడియా బడిలో చదివిన గౌతమ్, ఆటను భద్రపరిచే 'సేవ్' మీటని ఫోను చేత తెలుగు చేయించాడు.

నీరజ అతనికి ఫోను చేసింది. "ఏటి బావా, కాపాడు నొక్కితే సచ్చిపోనాడేటి?"

"అది సేవ్ కదే! రాయకు, మార్సేస్తాను. మన తెలుగులో సేసినాను, ఎనిమిదియ్యి."

"తెలుగులో సదివినాను కాబట్టే సచ్చిపోనాడు."

నీరజ పదికి నాలుగు మార్కులేసి, అతను ఫోను పెట్టకముందే సమీక్ష పంపేసింది.