రావద్దన్న పేజీలోకి వెళ్లిన సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ మొదటివారంలో నన్ను ఒడిశాలోని జయపురం నుంచి కొరాపుట్ కార్యాలయానికి బదిలీ చేశారు. నా హోదా సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్. జూనియర్ సిస్టమ్స్ ఆఫీసర్ అనే పోస్టు ఆ కార్యాలయంలో ఎప్పుడూ లేదు కాబట్టి నేను ఎవరికి సీనియర్నో నాకే తెలియదు. అయినా ఆ మాటను ఏ కాగితం మీదా వదిలేవాణ్ణి కాదు. మా ఇంటి కరెంటు బిల్లు విషయమై రాసిన ఫిర్యాదు కింద కూడా అది ఉంటుంది.

చేరిన పదిరోజులకే మా జాయింట్ డైరెక్టరు నాకొక పని అప్పగించారు. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరు ఉంటాడో, ఏ ఊళ్లో ఏ వైద్య శిబిరం జరుగుతుందో అన్నీ ఒకే పేజీలో కనిపించాలి. అప్పటిదాకా కొండల మీంచి జనం బస్సులు మారి దిగి వచ్చి, ఆ రోజు డాక్టరు లేడని తెలుసుకుని వెనక్కి పోతుండేవారు. వివరాలు ఆయా ఆసుపత్రుల వెబ్‌సైట్లలో ఉండనే ఉన్నాయి. వాటిని రోజూ పోగుచేయడమే పని. మనిషిని కూర్చోబెట్టి చేయించవచ్చు. కానీ నేను సీనియర్‌ని కాబట్టి దానికి క్రాలర్ రాస్తానన్నాను.

క్రాలర్ అంటే ఒక చిన్న ప్రోగ్రామే. ఒక పేజీ తెరుస్తుంది, అందులోని సమాచారం రాసుకుంటుంది, అక్కడున్న లింకులన్నీ ఏరుకుని ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతుంది. దానికి అలుపు లేదు, ఆలోచన అంతకన్నా లేదు. అందుకే ఈ వృత్తిలో దానికి మూడు మర్యాదలు నేర్పుతారు. ప్రతి వెబ్‌సైటు గుమ్మంలోనూ రోబోట్స్ ఫైలని ఒక చిన్న కాగితం లాంటిది ఉంటుంది. ఈ భాగాల్లోకి ప్రోగ్రాములు రావద్దు, వచ్చేవి ఇన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే తలుపు తట్టండి అని యజమాని అందులో రాసిపెడతాడు. దాన్ని ముందుగా చదవాలి. చెప్పినంత నెమ్మదిగా వెళ్లాలి. మనమెవరమో, మన ఫోను నంబరేమిటో వెళ్లిన చోటల్లా చెప్పుకోవాలి. ఆ ఫైలుకు తాళం గీళం ఏమీ ఉండవు. కాదని లోపలికి పోతే ఆపేవాడు లేడు.

ఇదంతా నాకు బాగా తెలుసు. అంతకు ముందు ఏడాది పొట్టంగిలో బ్లాకు కార్యాలయాల కంప్యూటర్ ఆపరేటర్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి, ఈ విషయం మీదే ఒక పూట మాట్లాడాను. పరాయివాళ్ల ఇంటికి వెళ్తే బయట నిలబడి పిలవమా, ఇదీ అంతే అన్నాను. వాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు. ఒకాయన మంచి ఉదాహరణ సార్ అని మెచ్చుకున్నాడు కూడా.

నా సొంత ప్రోగ్రాములో మాత్రం మొదటి రెండు మర్యాదలనూ ఒకే ఒక్క వరుసతో ఆపేశాను. కారణం ఘనమైనదేమీ కాదు. ఒక సైటు ఇరవై సెకన్లకు ఒకసారే రమ్మంది, నాకు ఓపిక లేకపోయింది. తర్వాత సరిచేద్దామనుకుని మరిచిపోయానని చెప్పుకోవచ్చు. కానీ ఆ వరుస పక్కన నా చేత్తో రాసుకున్న వ్యాఖ్య ఉంది: ప్రభుత్వ పని కనుక ఇది అవసరం లేదు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ విధి అని బోర్డు పెట్టిన జీపులో తిరిగినవాడికి గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయన్న నమ్మకం తలకెక్కుతుంది. నాకు బాగానే ఎక్కింది.

మూడో మర్యాద మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను. క్రాలర్ వెళ్లిన ప్రతిచోటా నా పూర్తి పేరు, పూర్తి హోదా, బల్ల మీది ఫోను నంబరు నమోదయ్యేలా రాశాను. అది మర్యాద కోసం కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని మొదటిసారి పూర్తిగా వదిలాను. క్యారేజీ విప్పుకుని, తెర మీద వరుసలు పరుగెత్తుతుంటే చూస్తూ పెరుగన్నం తిన్నాను. పిల్లాడు తొలిసారి పద్యం అప్పజెబుతుంటే చూసే తండ్రిలా ఉన్నాను ఆ క్షణంలో. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఫోను మోగింది.

చేసినావిడ పేరు ఎస్తేరు రాణి. రాయగడ వైపు ఒక చిన్న కంటి ఆసుపత్రిలో రికార్డుల విభాగం చూస్తుంది. తాతల నాడు కోస్తా నుంచి టీచర్లుగా వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆసుపత్రి వెబ్‌సైటు కూడా ఆవిడే సొంతంగా నేర్చుకుని నడుపుతోందని తర్వాత తెలిసింది. నా హోదా మొత్తం చదివి, మీరేనా సార్ అని అడిగింది. అవునన్నాను, కాస్త గొంతు సవరించుకుని.

"గురువారం ఆపరేషన్లన్నీ మీరు రద్దు చేసేశారు సార్" అంది.

నేను చేయలేదన్నాను. ఆవిడ సర్వర్ చిట్టా తెరిచి, గంట, నిమిషం, సెకను, పక్కన నా పేరుతో సహా చదవడం మొదలుపెట్టింది. నాలుగో వరుసకి నాకు విషయం అర్థమైంది. ఆసుపత్రి సైటులో ఆపరేషన్ల జాబితా పేజీ ఒకటుంది. టోకెన్ నంబరు, పక్కన రద్దు అనే లింకు. రోగి రాలేనంటే కొండల్లోని ఆరోగ్య కార్యకర్తలు తమ ఫోన్ల నుంచే రద్దు చేసేందుకు ఆ ఏర్పాటు. పాస్‌వర్డులు పెడితే మరిచిపోతున్నారని తీసేశారు. ఆ పేజీలోకి ప్రోగ్రాములు రాకుండా రోబోట్స్ ఫైల్లో రాసుంచారు. నా క్రాలర్ ఆ ఫైలు చదవకుండా లోపలికి పోయి, లింకు కనబడ్డ చోటల్లా నొక్కి, ఒక్క టోకెను కూడా వదలకుండా రద్దు చేసింది. రద్దయిన ప్రతి రోగికీ కంప్యూటరు వెంటనే సందేశం పంపింది: మీ ఆపరేషను రద్దయినది, తదుపరి తేదీ తెలియజేయబడును.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తల్చుకోబుద్ధి కాదు. ఒక లింకు నొక్కితే రికార్డు మారిపోవడం సరైన నిర్మాణం కాదని, దానికి నిర్ధారణ పేజీ ఒకటి ఉండాలని ఆవిడకు పాఠం చెప్పాను. పొట్టంగిలో చెప్పినంత వివరంగా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా మొత్తం విన్నది.

"మీరు చెప్పింది రైటే సార్" అంది చివరికి. "కానీ అటు రావొద్దని రాసి పెట్టేను కదా."

ఇప్పుడేం చేయాలని అడిగాను.

కంప్యూటర్లో తేదీలు మళ్లీ పెట్టడానికి ఆవిడకు పావుగంట పట్టింది. కష్టం అక్కడ కాదు. సర్జను విశాఖ నుంచి గురువారం ఒక్కరోజే వస్తారు, మళ్లీ రావడం వానలు వెలిశాకే. రోగులు బుధవారం సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి. రద్దయిందని సందేశం చూసినవాడు బస్సెక్కడు. రద్దు కాలేదని ఇంకో సందేశం పంపితే ఏది నమ్మాలో తెలియక ఇంట్లోనే ఉండిపోతాడు. అందుకని ఆవిడ రిజిస్టరులోంచి నంబర్లు చదివింది, సగం నేను తీసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఒడియాలో, తెలుగులో, వచ్చీరాని కొండ భాష దేసియాలో క్షమాపణలు చెప్పాను. సాయంత్రానికి ఒక్కరు తప్ప అందరూ దొరికారు.

ఆ ఒక్కరు పైడమ్మ. రాయగడలో మునిసిపాలిటీ వీధులు ఊడ్చి రిటైరై, నారాయణపట్నలో కూతురి దగ్గర ఉంటోంది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది, ఇంకా ఆలస్యమైతే కన్ను దక్కకపోవచ్చని పరీక్ష చేసిన డాక్టరు కాగితం మీద రాశారు. కూతురి ఫోను ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేదు. ఆ వీధి ఆరోగ్య కార్యకర్త సెలవులో ఉంది. నేనే వెళ్తానని ఎస్తేరు రాణికి చెప్పాను. వెళ్లండి సార్ అంది.

బుధవారం పొద్దున్నే జీపు తీసుకుని లక్ష్మీపూర్ మీదుగా బయల్దేరాను. దారి పొడుగునా భయంగానే ఉంది. ఆవిడ ఇంట్లో లేకపోతే, ఉన్నా రానంటే, ఒక మనిషి చూపు నా ఒక్క వరుస మూలంగా పోతుంది. ఆ భయంలోనూ ఆవిడకు చెప్పాల్సిన వాక్యాన్ని నేర్పుగా కూర్చుకున్నాను. అందులో నేనెక్కడా లేను.

కూతురు పొలం పనికి పోయింది. పైడమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. బయట నుంచే పిలిచి, ఆసుపత్రి పని మీద వచ్చానని చెప్పి, సాంకేతిక కారణాల వల్ల మీ తేదీ రద్దయిందని, ఇప్పుడు తిరిగి ఖరారైందని అన్నాను. ముందు రాత్రే కూతురు ఫోనులో సందేశం చూసి చెప్పిందట, ఆవిడ తల ఊపింది. కారణం తనకు ముందే తెలుసన్నట్టు ఊపింది.

"నాకు ప్రెజరున్నాది కదేటి బాబూ. అందుకే డాక్టరుబాబు తీసీసేడనుకున్నాను. తగ్గితే మళ్లీ పిలుస్తారు కదాని రాత్రి నించీ ఉప్పు మానీసేను."

పక్కన గిన్నెలో చప్పటి గంజి ఉంది. నాకు చాలా సిగ్గేసింది. జీపులో కూర్చుకున్న వాక్యం అక్కడితో ఆగిపోయింది. నీ ప్రెజరుకీ దీనికీ సంబంధం లేదమ్మా, నీ పేరు నేనే కొట్టేశాను, చూసుకోలేదు అన్నాను.

ఆవిడ నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. "సదువుకున్నోడివి, సూసుకోవద్దేటి బాబూ?" అంది. కోపంగా కాదు. గిన్నె బోర్లించినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

పక్కింటామె పరుగున పోయి కూతుర్ని పిలుచుకొచ్చింది. గంటలో సంచీ సర్దుకుని ఇద్దరూ జీపెక్కారు. దారిలో టీ కోసం ఆగితే, ఇప్పుడు ఉప్పు తినొచ్చా అని పైడమ్మ నన్నడిగింది. అది నా హోదాకు మించిన ప్రశ్న. నర్సమ్మని అడుగుదామన్నాను. చీకటి పడకముందే ఆసుపత్రిలో అప్పగించాను. ప్రెజరు అదుపులోనే ఉంది, మర్నాడు ఆపరేషను జరిగింది, కన్ను దక్కింది.

తర్వాత జాయింట్ డైరెక్టరు సంజాయిషీ అడిగారు. మూడు పేజీలు రాశాను. ఆయన చదివి, జరిగింది, పొరబడింది, సంభవించింది అని ఉంది తప్ప ఎవరు చేశారో లేదని వెనక్కి పంపారు. రెండోసారి నాలుగు వాక్యాల్లో సరిపోయింది. ప్రోగ్రాములో రోబోట్స్ ఫైలు చదవడాన్ని ఆపే వీలే లేకుండా మార్చాను. ఫైలు దొరక్కపోయినా, అర్థం కాకపోయినా క్రాలర్ గుమ్మంలోంచే తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు నేను ఫోను చేసి అడుగుతాను.

ఎస్తేరు రాణి కూడా తన ఫైలు మార్చింది. అన్ని ప్రోగ్రాములకూ ఆ ఒక్క పేజీ నిషేధం. దాని కింద విడిగా, నా పేరు, సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్ అన్న హోదాతో సహా రాసి, మొత్తం వెబ్‌సైటు నిషేధం. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నా హోదాకు అంత ప్రచారం మరెక్కడా దొరకలేదు. ఆ నిషేధాన్ని రిటైరయ్యేదాకా పాటించాను. ప్రతి సోమవారం ఆవిడకు ఫోను చేస్తే డాక్టర్ల పట్టిక చదివేది, నేను చేత్తో ఎక్కించుకునేవాణ్ణి. మొత్తం అయిదు నిమిషాల పని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఫైలును పాటించకపోతే ఏమవుతుందని అడుగుతుంటారు. పాటించనివాడికి ఏమీ కాదు. నాకూ ఏమీ కాలేదు. అవతల ఒక మనిషి, కారణం తెలియక, తప్పు తనదే అనుకుని ఉప్పు మానేస్తుంది.