కిరాయింట్లో పోయిన ముసలమ్మ

మొన్న మా కాలనీలో కిరాయికుండే ఒకాయన తండ్రి దవాఖానలో పోతే, శవాన్ని ఇంటికి తేవద్దని ఇంటి ఓనరు కబురు పెట్టాడట. అంబులెన్సు గేటు ముందు కాసేపు ఆగి, అటునుంచటే శ్మశానానికి పోయింది. మేడ మీంచి నేను చూస్తూనే ఉన్నాను. మన ఈడువాళ్ళకు ఈ పట్టింపు కొత్తేం కాదు. కిరాయిదారు ఇంట్లో చావు జరగొద్దు, చెడు నక్షత్రంలో అసలే జరగొద్దు, జరిగితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి, అంటే తాళం వేసి అందరూ బయటికి నడవాలి.

నేను కొలువులో చేరిన కొత్తలో వరంగల్‌లో ఇంటివాళ్ళకూ కిరాయిదార్లకూ రాజీ కుదిర్చే గది ఒకటుండేది. సర్కారు సొమ్ముతో నడిచేది కనుక వచ్చినవాళ్ళు ఖర్చు పెట్టుకునే పని లేదు, మా ఆటో కిరాయి కూడా అందులోంచే. ఉన్నది ఇద్దరమే, పెద్దసారూ నేనూ. ఆయనకు తొందరన్నది తెలియదు, ఎదుటి మనిషి చెప్పుకుంటూ పోతే అన్నం వేళ దాటినా ఆపేవాడు కాదు, నాకేమో ఆకలి మండి ఎవరిమీద పడితే వారిమీద కోపం వచ్చేది.

ఒకరోజు కొత్తవాడ నుంచి జంపఖానాలు నేసే అతను వచ్చాడు. తల్లి మంచాన పడింది, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు, ఇంటామె మాత్రం ముసలామె ప్రాణం పోకముందే ఖాళీ చేయమంటోంది. నేడో రేపో అన్న మనిషిని వెంటబెట్టుకుని పోతే కొత్తగా ఇల్లిచ్చేదెవరు? చుట్టాలింట్లో పోతే ఆ ఇల్లూ పాడుపెట్టాలి.

ఇంటామెను నాలుగు దులిపేద్దామనే బయల్దేరాను నేను. పెద్దసారు మాత్రం అరుగు మీద కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ నింపాదిగా తాగి, ఇల్లు పాడుపెట్టాల్సి వస్తే నువ్వెక్కడుంటావమ్మా అని అడిగాడు. అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన ఆ మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"గా ముసల్దాన్ని ఎళ్ళగొట్టాలని కాదు సారూ. నాకు ముందు లేరు, ఎనుక లేరు. ఆర్నెల్లు నన్నెవరు పెట్టుకుంటరు?"

ఆ మాట నాకు తట్టలేదు, అదే కప్పు కింద పక్క గదిలో ఉంటున్న అతనికీ తట్టలేదు. ఇంటామె దగ్గరికి వచ్చి అన్నాడు.

"మా అక్క ఇల్లు ఈ వాడలనే ఉన్నది పెద్దమ్మా. గట్లయితే నువ్వు సుత మాతోనే ఉందువు."

రాజీ అంటే అంతే. వారం తిరగకముందే ముసలామె కన్నుమూసింది, ఆ ఇంట్లోనే, తన మంచం మీదనే. పంచాంగం చూసి అయ్యగారు నక్షత్రం మంచిది కాదన్నాడు. ఇంటికి తాళం పడింది, అందరూ అక్క ఇల్లు చేరారు. కొన్నాళ్ళకు నేను చూసి వద్దామని పోతే, మగ్గం పక్కన కూర్చుని దారం చుడుతూ, వేళకు తినడం లేదని అతన్ని తిట్టిపోస్తోంది ఇంటామె. నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది.

తర్వాత నిధులు ఆగిపోయి ఆ గది మూతబడింది. ఇప్పుడు తగువుంటే కోర్టుకు పొమ్మంటారు. మంచాన ఉన్న మనిషికి వాయిదాలెక్కడివి? మా కాలనీ ఓనరు చెడ్డవాడేం కాదు, ఎదురుపడితే నమస్తే పెడతాడు. నీ భయమేమిటయ్యా అని ఆయనను అడిగినవాళ్ళే లేరు. నేనడుగుదామని మోకాళ్ళ నొప్పులతో మేడ దిగేసరికి అంబులెన్సు మలుపు తిరిగిపోయింది.