తొమ్మిది రోజులు తెరుచుకోని తలుపు

సైన్స్ ఫిక్షన్ నవల ఆధారంగా ఎప్పుడో చేసిన పాత కంప్యూటర్ గేమ్ ఒకటి ఆడి, రివ్యూ రాద్దామని కూర్చున్నాను. కనిపించిన ప్రతిదాన్నీ మౌస్‌తో నొక్కుతూ చిక్కుముడులు విప్పుకుంటూ పోవాలి. అంతరిక్ష నౌకలో ఒక తలుపు దగ్గర తొమ్మిది రోజులు ఇరుక్కుపోయాను. దొరికిన వస్తువులన్నీ దాని మీద ప్రయోగించాను, ఆఖరికి చేపల డబ్బా కూడా.

ఈ రోజు మధ్యాహ్నం బీరువా తాళం బిగుసుకుపోతే, రాందాస్ చౌరస్తా నుంచి తాళాలు బాగుచేసే సలీం భాయ్ వచ్చాడు. పని చేస్తూ చేస్తూ, ఆ తలుపును నేను తిడుతున్న తిట్లు విని, లేచి వచ్చి స్క్రీన్ చూశాడు.

"అసలు గా తలుపుకు తాళం పడ్డదా సార్? నేనైతే ఏ ఇంటికి పోయినా, సామాన్లు తీయకముందే ఒకసారి నూకి చూస్త."

నెట్టాను. తెరుచుకుంది! లోపలికి ఒక్క అడుగు వేశానో లేదో, గేమ్‌లో నా మనిషి ఊపిరాడక గిలగిలా కొట్టుకుని చచ్చాడు. మొదటి గదిలో ఆక్సిజన్ సిలిండర్ తీసుకోలేదట. వెనక్కి వెళ్లే దారి లేదట. మళ్లీ మొదటి నుంచి ఆడాలట.

సలీం భాయ్ బీరువా తాళంచెవి నా చేతిలో పెడుతూ, స్క్రీన్ వైపు చూపించి, "గిసోంటి తాళం నేను చేసిస్తే, మెదక్‌ల నా దుకాణం ఉండనిస్తరా సార్?" అన్నాడు.

నా రివ్యూ ఆ ఒక్క వాక్యమే.

దీన్ని క్లాసిక్ అని నాకు అంటగట్టిన పెద్దమనుషులారా, మీలో ఎవరైనా నిజంగా పూర్తి చేశారా? చేసి ఉంటే, ఆ సిలిండర్‌ను గేమ్ చేసినవాళ్లు ఏ మూల దాచి చచ్చారో కాస్త చెప్పండి.